అంగుళం లూజు

పొగతోట ఆసుపత్రి, రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం నాది.
మొదటి రాత్రి అది వెనకనుంచి వచ్చింది,
పిల్లి కూడా సిగ్గుపడేంత మెత్తగా.
మెలకువ వచ్చి చూస్తే
తెల్లటి మొహం ఒకటి నా దుప్పటి అంచు సర్దుతుండాది.
గట్టిగా ఎవరో అరిచారు.
అరిచింది నేనేనని
పక్క మంచం పోస్టుమాస్టరు చెప్తే తెలిసింది.

పొద్దున్నే ఎస్తేరు వచ్చింది, ఫిజియోథెరపీ పిల్ల.
"అది సాయం చేసే మిషను తాతా.
ఎంత దూరంలో నిలబడమంటావో చెప్పు, అట్టనే పెడతా" అంది.
డెబ్బై రెండేళ్ళకి
నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి.

అమ్మాయీ,
కావలి ట్రంకురోడ్డులో నలభై మూడేళ్ళు
లేడీస్ టైలర్ని నేను.
టేపును రెండువేళ్ళ కొసలతో పట్టాల,
ఊపిరి పక్కకి తిప్పుకోవాల,
అంకెను చూడాల, మనిషిని కాదు.
ముసునూరు టీచరమ్మ ఆది జాకెట్టు సంచిలో పెట్టి పంపేది.
ఇరవయ్యేళ్ళలో ఒక్కసారీ నా షాపు మెట్టెక్కలా,
ఒక్క జాకెట్టూ తిప్పి పంపలా.
తుమ్మలపెంట పోలమ్మ మాత్రం
చేపల గంప దించి, చేతులు బారచాపి,
"తొరగా కొలువు మస్తానయ్యా, ఐసు కరిగిపోతుండాది" అనేది.
ఇద్దరినీ నేను అడిగించింది ఒకటే:
లూజు ఎంత ఉంచమంటారు?

ఒంటి కొలతకే కుడితే అది బట్ట కాదు, కట్టు.
ముద్ద దిగడానికి,
ఏడుపొస్తే గుండె ఎగరడానికి
అంగుళమన్నా వదలాల.

అందుకని చెప్పా ఎస్తేరుకి.
రాత్రిళ్ళు బారెడు దూరం. పగలు మూరెడు.
ఎదురుగా రావాల, నా కంటికి ఆనేటట్టు.
వచ్చేముందు చప్పుడు చెయ్యాల.
చప్పుడు చెయ్యడం దానికి రాదంది.
పోస్టుమాస్టరు మనవరాలి పట్టీనుంచి రాలిన మువ్వ ఒకటి
మంచం కింద దొరికింది.
ఎడంచేత్తో, పంటితో దారం లాగి
దాని చక్రం పక్కన ముడేశా.
అరగంట పట్టింది. కదలకుండా నిలబడింది, పాపం.

కుడిచెయ్యి ఇప్పుడు నా మాట వినదు.
ఎన్ని వేల కాజాలు కుట్టిందో ఆ చెయ్యి,
ఒక్క గుండీ దూర్చలేక
చొక్కా అంచు పట్టుకోని పసిపిల్లాడల్లే చూస్తుంటుంది.
ఆదివారం, ఎస్తేరు చర్చికి పోయింది.
మువ్వ మోగింది. మూరెడు దూరంలో ఆగింది.
"దగ్గరికి రానా?"
రేడియోలో వార్తలు చదివే గొంతు.
నేను చాలాసేపు మాట్లాడలా.
అదీ మాట్లాడలా.
జవాబు వచ్చిందాకా అట్ట నిలబడటం
షాపులో కుర్రాళ్ళకి నేర్పలేక చచ్చా నేను.

రా, అన్నా. జానెడు.
రబ్బరు వేళ్ళు, చల్లంగా ఉండాయి.
మొదటి గుండీ జారిపోయింది.
రెండోది వంకర.
"కాజా బిగువు. కిందనుంచి తొయ్" అన్నా.
మూడోది పట్టింది.
నా నోట్లోనుంచి "శబాష్" అని వచ్చేసింది,
ఎవరన్నా విన్నారేమో అని అటూ ఇటూ చూశా.

మెడకాడ గుండీకి చెయ్యి చాపింది.
వద్దు, అన్నా.
చాపిన చెయ్యి చాపినట్టే ఆగి, వెనక్కి పోయింది.
ఆ గుండీ నేనెప్పుడూ పెట్టుకోలా.
ఎందుకని అది అడగలా.

రాత్రి బారెడు దూరంలో దాని పచ్చదీపం.
మువ్వ ఒకసారి కదిలింది.
"దాన్ని ఊడబీకవయ్యా, నిద్ర చెడుతుండాది"
పోస్టుమాస్టరు అటు తిరిగి విసుక్కున్నాడు.
నిజమే, ఆయన మంచం నా మంచానికి
మూడడుగులు కూడా లేదు.
రేపు ఎస్తేరు రాంగానే
ముందు ఆయన కొలతలు తియ్యమనాల.